ముందు మీది లేవనివ్వండి

చంద్రుడి మీద కాపురం పెట్టినా కంప్యూటర్ ఎప్పుడు ఆన్ అవుతుందా అని కూర్చునే ఖర్మ తప్పలేదు. "బూట్ అవుతోంది, దయచేసి ఆగండి" అంటూ తెర మీద ఓ గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. మన తాతలు చూసిందీ ఆ గుండ్రమే. మనిషి భూమిని దాటాడు గానీ దాన్ని దాటలేకపోయాడు.

చంద్రనగర్‌లో వెన్నెల ఎన్‌క్లేవ్ అని ఓ అపార్ట్‌మెంట్ ఉంది. చంద్రుడి మీద కట్టి వెన్నెల అని పేరు పెట్టుకున్నారంటేనే లోపల ఎలాంటి వాళ్లుంటారో తెలియాలి. ఫ్లాట్‌కో ఇంటిబుర్ర, అంటే హోమ్ కంప్యూటర్, ఉంటుంది. రాత్రి పడుకుంటుంది. పొద్దున లేచి, గాలి పీడనం చూసి, వీధి తలుపు తీస్తుంది. అది లేవకపోతే తలుపు తెరుచుకోదు. దాని గొప్పతనమల్లా 'అలవాటు అనుకరణ', హేబిట్ లెర్నింగ్. యజమాని ఎలాంటివాడో కొన్నాళ్లకి అదీ అలాంటిదే అవుతుంది. కంపెనీ వాళ్లు దీన్ని సుగుణంగా చెప్పుకుంటారు. పాపం, యజమానుల్ని చూసినట్టు లేరు.

రెండో అంతస్తు తాయారు ఊరి పక్క బిలంలో, అంటే చంద్రుడి మీదుండే పెద్ద గుంటలో, వేసిన కూరగాయల తోటకి సూపర్‌వైజర్. ఇంటిబుర్ర లేవక రోజూ ఆలస్యమే. ఇంకొక్కసారి లేటైతే ఇక రానక్కర్లేదని ఆఫీసులో చెప్పేశారు. మొగుడు పురుషోత్తం తనకి తెలిసిన వైద్యాలన్నీ చేశాడు. పాత ఫొటోలు తీసేశాడు, ప్లగ్ పీకి పెట్టాడు, పైన రెండు దెబ్బలు కూడా వేశాడు. చివరికి కంప్యూటర్ డాక్టర్ రజియాని పిలిచారు.

రజియా ఓ వైరు తగిలించి కాసేపు విన్నది.

"దీనికి రోగమేం లేదు మేడమ్. కన్ను మూసి తెరిచేలోగా లేస్తోంది. లేచి నిద్ర నటిస్తోంది."

"ఎందుకమ్మా?"

"మీరే వినండి."

స్పీకర్ పెట్టింది. బిల్డింగ్‌లో ఇంటిబుర్రలన్నీ గుసగుసలాడుకుంటున్నాయి.

"మీది లేచిందా?"

"ఇంకా లేదండీ. మీది?"

"మాదీ లేదు. పై వాళ్లది చూద్దాం."

"వాళ్లూ మనల్నే చూస్తున్నారు."

సంగతేమిటంటే, బిల్డింగ్ మొత్తానికి గాలి కొట్టే మోటారు ఒకటుంది. ముందు లేచిన ఇంటిబుర్రే దాన్ని వేయాలి, ఆ ఇంటి బ్యాటరీ నుంచే కరెంటు పోతుంది. బిల్డర్ పెట్టిన ఏర్పాటు.

"రీసెట్ చేస్తే నేర్చుకున్నవన్నీ మరిచిపోయి చప్పున లేస్తుంది," అంది రజియా. "అందరూ ఒకేసారి చేయాలి సార్. ఒక్కరే చేస్తే రోజూ వాళ్లే మోటారు వేయాలి."

"ఒక్కరం ఎందుకు చేస్తాం? మాకేం పిచ్చా?" అన్నాడు పురుషోత్తం.

ఆదివారం మీటింగ్ పెట్టారు. పకోడీలున్నాయి కాబట్టి అందరూ వచ్చారు. అసోసియేషన్ ప్రెసిడెంట్ గవర్రాజు గారు అరగంట మాట్లాడారు. "ఒక ఆడపిల్ల ఉద్యోగం, మనందరి ఊపిరి," అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరిళ్లకి వాళ్లు వెళ్లి, మైకులో ఒకటీ రెండూ మూడూ అనగానే రీసెట్ బటన్ నొక్కాలని తీర్మానం. గవర్రాజు గారు ఒకటీ రెండూ మూడూ అన్నారు.

మర్నాడు తాయారు ఇంటిబుర్ర చటుక్కున లేచింది. ఆ వెనకే మిగతావన్నీ లేచాయి. తాయారు ఆఫీసుకి అందరికన్నా ముందు వెళ్లింది.

"ఐకమత్యమంటే ఇదీ," అన్నారు గవర్రాజు గారు లిఫ్టులో.

సాయంత్రం పురుషోత్తం బ్యాటరీ మీటరు చూసి నీరసపడ్డాడు.

"ఏమేవ్, మన కరెంటే పోతోంది. కొంపదీసి బటన్ నొక్కావా ఏంటి?"

"నొక్కమన్నారు కదండీ."

"అన్నాం. ఎవరూ నొక్కలేదు. నువ్వు నొక్కుతావనుకోలేదు."

"మీరైతే నొక్కేవారు కాదా?"

"నేను మగాణ్ని, నాలుగూ ఆలోచిస్తాను," అన్నాడు.

తాయారు ఆ రోజే ఇంటిబుర్రని తన పేరు మీదికి మార్పించుకుంది. అదీ ఆవిడ్ని చూసే నేర్చుకుంది, తెల్లారకుండానే లేచి బిల్డింగంతటికీ గాలి కొట్టేది. ఎవరూ థాంక్స్ చెప్పలేదు గానీ, మోటారు చప్పుడుకి నిద్ర చెడుతోందని మాత్రం ముగ్గురు కంప్లయింట్ ఇచ్చారు.

ఒక్కరోజు కూడా లేటవని మనిషని ఆఫీసువాళ్లు తాయారుకి మార్స్‌లో పెద్ద ఉద్యోగం ఇచ్చారు. నిన్న వెళ్లిపోయింది. పురుషోత్తాన్ని తీసుకెళ్లాలా వద్దా అని చాలాసేపు ఆలోచించిందట. ఇంటిబుర్రని మాత్రం ఆలోచించకుండా సర్దుకుంది.

ఇవాళ పొద్దున్నుంచీ వెన్నెల ఎన్‌క్లేవ్‌లో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మూడో అంతస్తులో మా ఇంట్లోనూ గుండ్రం తిరుగుతోంది. గాలి కాస్త పల్చగా ఉంది. గోడ అవతల గవర్రాజు గారు దగ్గుతున్నారు. ఇందాక గోడ మీద తట్టి, "మీది లేచిందాండీ?" అని అడిగారు. "ఇంకా లేదండీ, మీది?" అన్నాను.

రీసెట్ బటన్ నా చేతికందే దూరంలోనే ఉంది, అది కాదు సమస్య. చదివేవాళ్లలో ఎవరికైనా తెలిస్తే, మీకు పుణ్యముంటుంది, ముందు ఆయనది లేచేలా చేసే ఉపాయమేదైనా చెప్పండి. కాస్త తొందరగా చెప్పండి.