ఎర్ర పేలిక కట్టిన గడ్డ

పొద్దున్నే వంటింటి కిటికీ తెరవగానే కోడలికి కనిపించేవి నూల్‌కోల్ మొక్కలే. సింకు దగ్గర తలెత్తితే నూల్‌కోల్, తల దించితే నీళ్లలో నానుతున్న నూల్‌కోల్. ఫ్రిజ్ తలుపు తీస్తే అడుగు అరలోంచి దొర్లి కాళ్ల మీద పడేదీ అదే. లేతాకుపచ్చగా, నున్నగా, చుట్టూ కాడలు పొడుచుకొచ్చిన ఆ గడ్డలు నేల మీద చతికిలబడి తన వంకే చూస్తున్నట్టుండేవి. ఈ ఇంట్లో తనకు కాపలా పెట్టారేమో అని ఆమెకు ఒక్కోసారి అనిపించేది.

ఆ పెరడు మామగారిది. ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్సు నడిపినవాడు కాబట్టి రిటైరైనా వీధిలో అందరికీ ఇంకా డ్రైవరుగారే. పెరటినీ బస్సు నడిపినట్టే నడిపేవాడు. నారంతా ఒకేసారి నాటేవాడు కాదు. ఒక వరస నాటిన పక్షానికి ఇంకో వరస, దాని వెనక మరొకటి. ముందు వరస కోసేసరికి వెనక వరస తయారు. ఎండ ముదిరితే పైన గోనెపట్టాలు కట్టి మరీ కాపాడేవాడు. పంట అయిపోతుందిలే అని ఆశపడడానికి కూడా సందు లేదు.

ఇదంతా కోడలి కోసమే. అసలు చిక్కు అక్కడే ఉంది.

పెళ్లయి వచ్చిన కొత్తలో మామగారు తొలిసారి నూల్‌కోల్ పండించాడు. కూర వండి అందరికీ వడ్డించారు. అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుని మిగతాది కంచం అంచుకు నెట్టేసింది. కొడుకు ఏమీ అనకుండా గ్లాసెడు మంచినీళ్లు తాగాడు. పెద్దాయన ముఖం చిన్నబోయింది. గోళ్లలో మట్టి ఇంకా పోలేదు. కొత్త కోడలి ప్రాణం ఉసూరుమంది. చాలా బాగుంది మామయ్యా, నాకు చిన్నప్పటి నుంచీ నూల్‌కోల్ అంటే ప్రాణం అనేసింది. నిజానికి ఆ పేరు వినడమే ఆమెకు అది మొదటిసారి. ఆ వాసనే ఆమెకు పడలేదు. అయినా అన్న మాట నిలబెట్టుకోవడానికి మారు వడ్డించుకుని మరీ తింది.

ఏడేళ్లుగా తింటూనే ఉంది.

పెద్దాయన అభిమానం అక్కడితో ఆగలేదు. ప్రతి వరసలోనూ బాగా ఊరుతున్న గడ్డలను ముందే చూసిపెట్టి, పాత తువ్వాలు చించిన ఎర్ర పేలికలు వాటి కాడలకు కట్టేవాడు. అవి కోడలివి, ఎవరూ ముట్టకూడదు. మిగతావి పిడికిలంత ఉన్నప్పుడే కోసి ఇరుగుపొరుగుకు పంచేసేవాడు. పేలిక కట్టినవాటిని మాత్రం కొబ్బరికాయంత అయ్యేదాకా ఉంచి, రెండు చేతులా మోసుకొచ్చి వంటింటి గట్టు మీద పెట్టేవాడు. పిడికిలి దాటిన నూల్‌కోల్ పీచు కడుతుందని, ముదిరేకొద్దీ కట్టెతో సమానమని ఆయనకు తెలియదు. తెలియాలంటే తినాలి కదా. ఆయన నోట్లో మిగిలిన పళ్లు నాలుగే. మెత్తగా ఉడికిన అన్నంతోనే ఆయన భోజనం అయిపోయేది.

చిన్నవి పక్కింటికి, పెద్దవి మన పిల్లకి అని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. అలా అన్నప్పుడల్లా అత్తగారు ముఖం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయేది. ఆవిడ కోడలితో మొదటి నుంచీ ముభావమే. తిట్టదు, సాధించదు, కానీ మనసిచ్చి ఒక్క మాట మాట్లాడదు. తను చేసిన తప్పేమిటో కోడలికి అంతుపట్టలేదు. అడుగుదామంటే మొహమాటం. ఆమెకు అన్నిటికీ మొహమాటమే.

ఆ రోజు ఆమెకూ భర్తకూ సెలవు. ఊళ్లో కళ్లద్దాల షాపులో ఆమె పూటపని చేస్తుంది. అద్దాన్ని ఫ్రేముకు తగ్గట్టు అంచులు అరగదీసి బిగించడం ఆమె పని. ఆమె బిగించిన అద్దం కదిలిందని వెనక్కి తెచ్చినవాళ్లు లేరు. షాపు యజమానురాలు అవతలి ఊళ్లో కొత్త షాపు తెరుస్తోంది. దాన్ని నువ్వే చూసుకో, పూర్తి జీతం, తాళాలు నీ చేతికే ఇస్తాను అంది. ఈ రోజు షట్టరు దించేలోగా జవాబు కావాలంది. ఏదైనా సరే నీ నోటితోనే చెప్పాలి అని కూడా అంది, ఈమె సంగతి తెలిసిన మనిషి కాబట్టి.

కోడలికి వెళ్లాలని ఉంది. ఎంత ఉందంటే, బస్సులో కిటికీ పక్కన కూర్చుని అవతలి ఊరికి వెళ్తున్నట్టు ఈ మధ్య అంట్లు తోముతూనే ఊహించుకుంటోంది. కానీ పొద్దున పోయి సాయంత్రం రావాలంటే ఇంట్లో చెప్పాలి. అత్తగారి ముఖం ఎలా మారుతుందో, మామగారు ఏమనుకుంటారో అని వారమంతా ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది.

ఒక్కసారి మాత్రం భర్త దగ్గర కదిపింది. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. మధ్యలో ఆగిపోయిన లిఫ్టుల్లోంచి జనాన్ని బయటికి లాగడంలో మహా ఒడుపు గలవాడు. ఇంట్లో ఇరుక్కున్న మనిషి మాత్రం అతని కంట పడలేదు. మేడమ్ కొత్త షాపు చూసుకోమంటోంది అని ఆమె అంటే, వెళ్లాలని ఉందా అని అడిగాడు పాపం. ఆమె అలవాటు ప్రకారం, మీరెలా అంటే అలా, ఇప్పుడు కూడా బాగానే ఉంది కదా అంది. అతను సరేనని తలూపి బూట్లు వేసుకున్నాడు.

పదిగంటల వేళ మామగారు పెరట్లోంచి కేకేశాడు. ఆమె వెళ్లి చూస్తే బట్టలారేసే తీగ లేదు. దాని కింద ఉన్న నేలంతా తవ్వి మడి చేసి ఉంది. ముఖం నిండా చెమటతో, నడుము పట్టుకుని, పెద్దాయన చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు.

"ఇక్కడ ఇంకో నాలుగు వరసలు వస్తాయమ్మా. నీకు ఏ రోజూ కొరత రాకూడదు. ఎలా ఉంది?"

"బాగుంది మామయ్యా," అంది ఆమె. ఆ మాట తన నోట్లోంచి రావడం తనే విని, అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. తడిబట్టలు ఎక్కడ ఆరేయాలో కూడా అడగకుండా లోపలికి వచ్చేసింది.

మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. పెద్దాయన ఆ రోజే కోసుకొచ్చిన పేలిక గడ్డ కూరైంది. దాన్ని తరగడానికి ఆమెకు గంట పట్టింది, కత్తి రెండుసార్లు దిగబడిపోయింది. ఎంత ఉడికించినా ముక్క ముక్కలాగే ఉంది. మామగారు తన చేత్తో గరిటెడు కూర ఆమె కంచంలో వేసి, తినమన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. రసం పోయాక పీచు మిగిలింది. ఎంత నమిలినా అది తాడులా చుట్ట చుట్టుకుంటోంది తప్ప తెగడం లేదు. మింగబోతే గొంతుకు అడ్డం పడుతోంది. అందరి ఎదుటా ఉమ్మలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే భర్త ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తాడు. పొద్దున మార్కెట్లో మీ మేడమ్ కనిపించిందని, కొత్త షాపు సంగతి అడిగితే మా ఇంట్లో కుదరదులెండి, తనకి ఇలాగే బాగుందట అని చెప్పేశానని అన్నాడు. నీకు మొహమాటం కదా, కాదని చెప్పలేవు, అందుకే నేనే చెప్పి ఆ భారం తీసేశాను అని సంతోషంగా అన్నం కలుపుకున్నాడు.

కోడలు నోట్లోని పీచు ముద్దను చేతిలోకి ఉమ్మింది. దాన్ని కంచం పక్కన పెట్టింది. ముగ్గురూ ఆ ముద్దను చూశారు, తర్వాత ఆమెను చూశారు.

"నాకు నూల్‌కోల్ ఇష్టం లేదు మామయ్యా," అంది. మాట అక్కడితో ఆపలేదు. "ఏ రోజూ లేదు. మొదటిరోజు మీరు చిన్నబుచ్చుకున్నారని అబద్ధం చెప్పాను. అప్పట్నుంచీ మింగుతూనే ఉన్నాను."

తర్వాత భర్త వైపు తిరిగింది. "ఆ షాపుకు వెళ్లాలని నాకు చాలా ఉంది. నేను బాగానే ఉందంటే బాగున్నట్టు కాదండీ. నాకు ఇంకో మాట చేతకాదు, అంతే."

పెద్దాయన కంచంలోనే చెయ్యి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. వెనక తలుపు చప్పుడైంది. ఏడేళ్లు చిన్నబోకుండా కాపాడుకొచ్చిన ఆయన ముఖాన్ని ఒక్క మాటతో చిన్నబుచ్చేశాను అనుకుంది.

అత్తగారు మాత్రం ఆ పీచు ముద్దను వేలితో తాకి చూసింది.

"అయితే నీకు ఇష్టమే లేదా?"

"లేదత్తయ్యా."

"కిటికీ కింద ఉన్న ఆ నేల నాదే," అంది అత్తగారు. "రిటైరయ్యాక అక్కడ నాకు గులాబీలు వేసిస్తానని మాటిచ్చాడు. ఒక్క పంట నూల్‌కోల్ వేసి చూస్తానంటే సరేనన్నాను. ఆ రోజు కూర పక్కకు నెట్టింది అందుకే, ఇక పీకేస్తాడు కదా అని. నువ్వేమో ప్రాణం అన్నావు. నీ కంచం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది."

"ఒక్కసారైనా నాతో అనలేదేం అత్తయ్యా?"

"ఏమని అనను? కోడలు ఇష్టంగా తినేదాన్ని పీకించిన అత్తగారిని అనిపించుకోనా?" అని ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. చివరికి నవ్వే బయటపడింది. భర్త తల వంచుకుని, క్యారేజీలో పెట్టిన కూర తనూ ఏనాడూ తినలేదని, ఆఫీసు వాచ్‌మన్‌కు ఇస్తే అతను కూడా మూడో రోజు నుంచి కనపడకుండా తప్పించుకునేవాడని ఒప్పుకున్నాడు.

ఆమె పెరట్లోకి వెళ్లింది. పెద్దాయన బోర్లించిన బకెట్టు మీద, వరసల మధ్య కూర్చుని ఉన్నాడు. చేతినిండా ఎర్ర పేలికలు. ఒక్కొక్కటే విప్పుతున్నాడు. ఆమె పక్కన నేల మీద కూర్చుని క్షమించమంది.

"ఇన్నేళ్లు బస్సు నడిపానమ్మా," అన్నాడు ఆయన, ఆమె వైపు చూడకుండా. "ఎవరు ఎక్కడ దిగాలో ముఖం చూసి చెప్పడం నాకు రాదు. బెల్ కొడితే ఆపుతాను. నువ్వు కొట్టలేదు. ప్రయాణం బాగుంది కాబోలని నేను ఇంకా దూరం తీసుకుపోయాను."

ఆమె ఏడ్చింది. ఆయన ఏడవనిచ్చాడు. తర్వాత వంగి, చివరి వరసలోంచి ఒక లేత గడ్డ కోశాడు. నిమ్మకాయ కన్నా కాస్త పెద్దది, పక్కింటికి పంపే రకం. జేబులోంచి చాకు తీసి తోలు చెక్కి, పల్చటి ముక్క కోసి ఇచ్చాడు.

"ఇది తిని చెప్పు. నా ముఖం చూడకు. ముక్క చూసి చెప్పు."

పచ్చిముక్క కరకరలాడింది. పీచు లేదు, వాసన లేదు, కాస్త తీపి, కాస్త నీరు. పక్కింటావిడ ఇన్నేళ్లుగా ఎందుకు పొగుడుతోందో అప్పుడు అర్థమైంది. బాగుంది అనబోయి ఆగింది. నిజంగా ఎలా ఉందో మళ్లీ ఆలోచించుకుంది.

"ఫర్వాలేదు మామయ్యా. కూరకన్నా పచ్చిదే నయం. కానీ రోజూ నావల్ల కాదు."

పెద్దాయన ఉన్న నాలుగు పళ్లూ కనబడేలా నవ్వాడు. ఇన్నేళ్లుగా విన్న బాగుందిలు అన్నీ కలిపినా ఆయన ముఖం అలా వెలగలేదు.

భర్త ఫోన్ చేసి మేడమ్‌కు సర్దిచెప్తానన్నాడు. ఆమె వద్దంది. వద్దు అనడం అంత తేలికని ఆమెకు తెలియదు. అతను బండి మీద తీసుకెళ్లి షాపు బయటే నిలబడ్డాడు. మేడమ్ అప్పటికే షట్టరు కొక్కెం చేతిలో పట్టుకుని ఉంది. ఆమె ఆయాసపడుతూ లోపలికి వెళ్లి, నేను వస్తాను మేడమ్, మా ఆయన చెప్పింది నా మాట కాదు అంది. మేడమ్ కొక్కెం గోడకు తగిలించి, నీ నోటితో వినాలనే ఇంతసేపు షట్టరు దించకుండా కూర్చున్నాను అని సొరుగులోంచి కొత్త షాపు తాళాలు తీసి గాజుబల్ల మీద పెట్టింది. ఆమె ఆ గుత్తిని దారంతా పిడికిట్లోనే ఉంచుకుంది.

తిరిగొచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. కిటికీ కింద వరసల్లో సగం లేవు. ముదురు గడ్డలన్నీ గేటు పక్కన కుప్పగా పడి ఉన్నాయి. బట్టల తీగ మళ్లీ కట్టి ఉంది. అత్తగారు ఎర్ర పేలికలు దోసిట్లో పట్టుకుని, గులాబీ అంట్లకు ఊతకర్రలు కట్టడానికి పనికొస్తాయని చూస్తోంది. కోడలిని చూడగానే ఉద్యోగం సంగతి అడిగింది. ఆమె పిడికిలి విప్పి తాళాలు చూపించింది. అత్తగారు తలూపి, తన పక్కన చోటిచ్చింది.

"నేనైతే ఎర్ర గులాబీలు అనుకుంటున్నాను. నీకేవి ఇష్టం?"

మీ ఇష్టం అత్తయ్యా అనే మాట నాలుక చివరికి వచ్చేసింది. ఆమె దాన్ని మింగింది. మామగారు పలుగు ఆపి చూస్తున్నాడు.

"పసుపువి," అంది.

"పసుపేమిటి, వెలిసిపోయినట్టు. గులాబీ అంటే ఎరుపే."

"నాకు పసుపే ఇష్టం అత్తయ్యా."

అత్తగారు నడుం మీద చెయ్యి వేసుకుని, ఎరుపులో ఉన్న అందమేమిటో చెప్పడం మొదలుపెట్టింది. ఏడేళ్లలో ఆవిడ కోడలితో అంతసేపు మాట్లాడడం అదే మొదలు. కోడలు వింటూ, కాదంటూ, మళ్లీ వింటూ నిలబడింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. పసుపే అని ఇంకోసారి అంది.