ఇనప పట్టకారు

ఆ సాయంత్రం వాన ఎలా కురిసిందంటే, ల్యాబ్ తలుపు వెనక తగిలించిన గొడుగులు కూడా తుమ్మాయట. లోపల ఇద్దరే ఉన్నారు. లోహపు ముక్కల్ని అద్దంలా రుద్దే పాలిష్ పిల్ల, వాటిలో అయస్కాంత శక్తిని కొలిచే అబ్బాయి. ఇద్దరి ముఖాల్లోనూ కళ లేదు.

బల్ల మీదున్నది ఇనుము, అల్యూమినియం కలిపిన ముక్క. లోపల పరమాణువులు వరస తప్పకుండా ఉంటే దానికి అయస్కాంత గుణం ఉండకూడదు. కానీ నిన్న మీటర్ ముల్లు లేచింది! ఇది నిజంగా కొత్త సంగతే అయితే ప్రాజెక్టు నిలుస్తుంది, పిల్ల ఇక్కడే ఉంటుంది. కాకపోతే రేపే తన అన్నయ్య ఊరికి ప్రయాణం.

"నువ్వే మరీ గట్టిగా రుద్దుంటావు. పైపొరలో వరస చెదిరితే ముల్లు లేవదా మరి?" అన్నాడు అబ్బాయి.

"రుద్దాక ఫర్నేస్‌లో వేడిచేసి, వరస సర్దే ఇచ్చాను మహానుభావా! నా మీదకి తోయకు."

అబ్బాయి బల్ల మీది పట్టకారు వైపు చూశాడు.

"అయితే తప్పు నాదే. ప్లాస్టిక్ పట్టకారుతో పట్టుకోవాల్సింది, ఇనప దానితో పట్టుకున్నాను. ఆ ఇనుమే పైన అంటుకునుంటుంది."

"కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు?"

"నీ మీద."

బయట వాన కూడా ఒక్క క్షణం చెవి ఒగ్గింది. పిల్ల మాత్రం నవ్వలేదు. అంటిన ఇనుము పోయేలా ముక్కని యాసిడ్‌లో ముంచి, కడిగి, ఆరబెట్టి ఇచ్చింది. మీటర్ ముల్లు సున్నా దగ్గరే పడుకుంది, అలిగిన కోడలిలా. ఎంత చూసినా లేవలేదు.

"నోరు మూసుకునుంటే బాగుండేది," అన్నాడు దిగాలుగా.

"నువ్వు మూసుకున్నా నేను చెప్పేదాన్ని. నీ చేతిలో ఇనప పట్టకారు నిన్ననే చూశాను."

"చూసీ ఊరుకున్నావా? ఎందుకు?"

పిల్ల తల వంచుకుని సంచి సర్దుకుంది.

"ఇంకో రోజు ఉండొచ్చని."

అబ్బాయి మీటర్ ఆపేశాడు. "మీ ఊరొచ్చి అన్నయ్యతో మాట్లాడనా?" అన్నాడు.

"అన్నయ్య కసురుతాడు. వదిన వైపు చూసి మాట్లాడు." గొడుగు తీసుకుని గుమ్మం దగ్గర ఆగింది. కళ్ళు నిండాయి. "వచ్చేముందు చేతులు కడుక్కో."

తలుపు మూసుకుంది. అబ్బాయి సింకు దగ్గర నిలబడి, వాన వెలిసేదాకా చేతులు కడుక్కుంటూనే ఉన్నాడట.