మూడో సెన్సర్

"గొడుగు బయట పెట్టండి మేడమ్. ఇది మెషీన్ రూమ్."

"ఆల్రెడీ కాలి కూర్చున్న గదికి తడి గొడుగుతో కొత్తగా వచ్చే నష్టమేంటండీ?"

తొలి పలకరింపే ఇలా ఏడిస్తే ఇక తర్వాతి సంగతి చెప్పాలా? తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి వానలో సగం తడిసి ఉంది. భుజాన టూల్స్ బ్యాగు, చేతిలో బొమ్మ తుపాకీ లాంటి పరికరం. గురిపెట్టి మీట నొక్కితే తాకకుండానే వేడెంతో చెప్పే టెంపరేచర్ గన్ అది. ఆమె దాన్ని తిన్నగా, గొడుగు బయట పెట్టమన్న అతని నుదుటికే గురిపెట్టింది.

"ముప్ఫై ఆరు. బతికే ఉన్నారు. మరి మనుషుల్లా మాట్లాడ్డానికేమైంది?"

అతనికి ఒళ్ళు మండింది. ఆ స్కానింగ్ సెంటర్‌లో కంప్యూటర్లన్నీ చూసుకునేది ఇప్పుడు అతనొక్కడే. పదకొండు రోజులుగా సరైన నిద్ర లేదు. "ఇంతకీ ఎవరండీ మీరు?" అన్నాడు.

"మీ సీనియర్ చెల్లెల్ని."

అంతే, కోపం కాస్తా ఎటో పోయింది. గొడుగు తానే అందుకుని గోడకి ఆనించి పెట్టాడు.

ఆ సీనియర్‌ని అతను 'అన్నా' అని పిలిచేవాడు. కీబోర్డు మీద వేళ్ళు ఎలా పెట్టాలో కూడా తెలియని రోజుల్లో పక్కన కూర్చోబెట్టుకుని, ఈ కంప్యూటర్లని నడిపే లినక్స్ నేర్పిన మనిషి. పదకొండు రోజుల కిందట ఒక మధ్యాహ్నం ఈ గదిలో పెద్ద కంప్యూటర్ మెషీన్ అంటుకుంది. ఆరు నెలల పేషెంట్ల స్కాన్‌లన్నీ అందులోనే ఉన్నాయి. ఆ పొగలోకి వెళ్ళి సీనియర్ ఉత్త చేతులతో డిస్కులు లాగాడు. మణికట్ల దాకా రెండు చేతులూ కాలాయి. ఇప్పుడు ఆసుపత్రి వార్డులో పడి ఉన్నాడు.

మేనేజర్ ఏం రాశాడో తెలుసా? స్క్రీన్ ముందు నిద్రపోయాడని. వేడెక్కితే స్క్రీన్ ఎర్రబడి అలారం మోగాలి కాబట్టి, మోగే ఉంటుందట. శుక్రవారం ఎంక్వైరీ. అందులో ఆ మాట ఖాయమైతే ఉద్యోగం ఎలాగూ పోతుంది, ఈ వృత్తిలో ఇంకెవరూ గడప తొక్కనివ్వరు.

"మా అన్నయ్య నిద్రపోలేదు," అంది ఆమె. గొంతులో వెటకారం లేదిప్పుడు. "స్క్రీన్ మీద వేడి అంకెలన్నీ అరవై లోపే ఉన్నాయంటున్నాడు. పడుకున్నా అదే మాట, లేచినా అదే మాట. నాలుగు మెతుకులు తినిపించడానికి గంట పడుతోంది. నిన్న నన్నే అడిగాడండీ, 'నేను నిజంగానే కునుకు తీశానేమోనే' అని. తన మీద తనకే నమ్మకం పోతోంది. నాకా మెషీన్ కావాలి."

"దానికి సీల్ వేశారు."

"దాని జోడీ ఏదైనా ఉందా?"

ఉంది. అదే రోజు కొన్న అదే మోడల్ ఇంకొకటి రిసెప్షన్ వెనక గదిలో నడుస్తోంది. చూపిస్తే మేనేజర్ ఊరుకోడు. అయినా అతను తాళాల గుత్తి తీశాడు.

నడుస్తూ నడుస్తూ ఆమె ఆగిపోయింది. "ఉండండుండండి. తొందరబాబు మీరేనా?"

"ఆ పేరు మీ ఇంటిదాకా వచ్చిందా!"

"రాకేం? 'మా తొందరబాబు మూడు గంటల పని అరగంటలో లాగించేస్తాడు, తర్వాత దాన్ని నేను మూడు గంటలు సరిచేస్తాను' అని రోజూ భోజనాల దగ్గర ఇదే కబురు."

అతను నవ్వాడు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నాడో ఆ నవ్వుని.

లంచ్ టైమ్‌లో మాత్రమే వీలయ్యేది. ఆమె తను పనిచేసే కంప్యూటర్ బోర్డుల రిపేరు షాపు నుంచి పరుగున వచ్చేది, అతను తలుపు దగ్గర కాపలా ఉన్నట్టు నిలబడేవాడు. ఆమె పద్ధతే వేరు. ముందు వేలు దగ్గరగా పెట్టి చూస్తుంది, తర్వాత గన్, ఆ తర్వాతే స్క్రీన్. చూపుడు వేలి మీద చిన్న చిన్న కాలిన మచ్చలు బోలెడు.

"గన్ ఉండగా వేలెందుకండీ కాల్చుకోవడం?"

"అంకెలు అబద్ధమాడొచ్చు. వేలు ఆడదు. మీ వేళ్ళకి టైపింగ్ తప్ప ఇంకేం రాదా?"

"టీ కలపడం వచ్చు."

"అదీ తొందరగానేనా?"

మొదటి రోజు, వేడి కొలిచే సెన్సర్లని వెతికే ప్రోగ్రాం మళ్ళీ నడిపారు. ఏమీ తేలలేదు. రెండో రోజు మెషీన్ ఆపి, ఆన్ అవుతూ ఉండగా వచ్చే సెట్టింగులన్నీ తిరగేశారు. శుభ్రంగా ఉన్నాయి. మూడో రోజు వాన దంచేస్తుంటే ఆమె బాక్సు లోపలి ఫ్యాన్ వైరు పీకేసి, మెషీన్ చేత గంటసేపు పెద్ద పెద్ద ఫైళ్ళు కాపీ చేయించింది. ఆ దుర్దినాన జరిగింది కూడా అదే. దుమ్ము పట్టి ఫ్యాన్ ఆగింది, ఫైళ్ళ కాపీ నడుస్తూనే ఉంది.

కరెంటు పంచే భాగం దగ్గరకి వేలు తీసుకెళ్ళి "అబ్బా!" అని వెనక్కి లాక్కుంది. గన్ తొంభై నాలుగు చూపించింది. స్క్రీన్ మీద మాత్రం రెండే అంకెలు: ప్రాసెసర్ యాభై ఎనిమిది, బోర్డు ముప్ఫై తొమ్మిది. రెండూ పచ్చగా ఉన్నాయి.

"చూశారా!" అని అతని చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపేసింది. "అన్నయ్య నిజమే చెప్పాడు!" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి వదలడం ఇద్దరూ కాసేపు మర్చిపోయారు. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదంటే కారణం ఎంక్వైరీ కాదు లెండి.

నాలుగో రోజు గురువారం. మర్నాడే ఎంక్వైరీ. మళ్ళీ ఫ్యాన్ పీకి, అదే కాపీ గంటసేపు నడిపారు. "స్క్రీన్ అబద్ధమని తెలిసింది. ఎందుకు అబద్ధమో తెలియకపోతే ఎవడూ నమ్మడు," అంటూ ఆమె కీబోర్డు లాక్కుంది. స్క్రీన్ మీద అంకెలు చూపించే ప్రోగ్రాంని పక్కన పెట్టి, దాని కింద లినక్స్ తనకోసం రాసుకునే ఫోల్డర్లోకే దిగింది. ఒక్కో సెన్సర్‌కి అక్కడ ఒక్కో బుల్లి ఫైలు ఉంటుంది, అందులో ఒకే ఒక అంకె. తెరిచింది. యాభై ఎనిమిది వేలు. ముప్ఫై తొమ్మిది వేలు. తొంభై ఆరు వేలు.

"వెయ్యితో భాగించుకోండి. మొదటివి రెండూ స్క్రీన్ మీద ఉన్నవే. మరి ఈ తొంభై ఆరు? ఇక్కడ సెన్సర్లు మూడున్నాయి, అక్కడ రెండే. మూడోదాన్ని చూపించొద్దని ఎవరో దీనికి చెప్పారు."

అతను ఆ మూడో అంకెని మళ్ళీ ఒకసారి చదివాడు.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. వార్డు నుంచి. అన్నయ్య కట్లు మార్చనివ్వట్లేదట. ఆమె బ్యాగు సర్దుకుంటూ, "ఆ చెప్పిన మహానుభావుడెవరో కనుక్కోండి," అంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి చూసింది. "మీరు లేకపోతే ఈ నాలుగు రోజుల్లో నాకు పిచ్చెక్కిపోయేది, తెలుసా?"

గొడుగు మర్చిపోయి వానలోనే వెళ్ళిపోయింది.

కనుక్కోవడానికేముంది? అతను సెట్టింగుల ఫైలు తెరిచాడు. రెండే లైన్లు. మొదటిది మనుషుల కోసం రాసుకున్నది: 'మూడోది పిచ్చిది, ఎప్పుడూ నూట ఇరవై ఏడు అంటుంది, పట్టించుకోవద్దు!' రెండోది మెషీన్ కోసం, మూడో సెన్సర్‌ని చూపించకు అని. రెండూ అతని చేత్తో రాసినవే. ఆ ఆశ్చర్యార్థకం కూడా.

రెండేళ్ళ కిందట రాసినప్పుడు అది నిజమే. పాత బోర్డులో మూడో సెన్సర్ స్థానం ఖాళీ, దానికి ఏమీ తగిలించి లేదు, అందుకే పిచ్చి అంకె వచ్చేది. ఆరు నెలల కిందట కొత్త మెషీన్లు వచ్చాయి. ఫైలు మళ్ళీ ఎవరు రాస్తారని పాతదాన్నే తెచ్చి వేశాడు. ఒక్కసారైనా తెరిచి చదవలేదు. కొత్త బోర్డులో ఆ మూడోది కరెంటు పంచే భాగం పక్కనే ఉంది. వేడెక్కితే కేక పెట్టాల్సింది అదొక్కటే. దాని నోరు తనే నొక్కేశాడు.

నా మటుకు నేను అతన్ని వెనకేసుకు రాను. ఆ పావుగంటలో అతనికి వచ్చిన ఆలోచనలు మంచివి కావు. లైను చెరిపేస్తే? సెన్సర్ చిప్పులోనే లోపం ఉందని చెప్తే? సీనియర్ బయటపడతాడు, తనూ బయటపడతాడు, ఆమె రేపు కూడా వచ్చి టీ తాగుతుంది. ఎవరికీ నష్టం లేదు.

కౌంటర్ దగ్గర ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. ఒకాయన. భార్య ఆపరేషన్‌కి పాత స్కాన్ కావాలట, అది లేక రెండుసార్లు వాయిదా వేశారట. "మళ్ళీ తీయించుకోండి" అంటోంది రిసెప్షనిస్టు. "అప్పటికీ ఇప్పటికీ ఎంత పెరిగిందో చూడాలంటున్నారమ్మా, అప్పటిది ఎలా తీస్తారు?" అంటున్నాడాయన.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఫైలు ఇక్కడ ఒక్కచోటే లేదు. మిగతా బ్రాంచీల్లో ఇంకో పదకొండు మెషీన్లలో వేశాడు. తొందర కదా మరి.

ఫోన్ అందుకున్నాడు. "నేను రాసిన లైనొకటి తప్పు. ఇప్పుడే తీసేయండి. అంకె ఎంతొచ్చిందో చెప్పండి." పదకొండుసార్లు అదే మాట. 'నేను రాసిన' అనకుండా ఒక్కసారి కూడా చెప్పలేదు. ఏడో బ్రాంచిలో అవతలి మనిషి, "నూట తొమ్మిది అంటోందండీ, ఎర్రగా అయిపోయింది!" అని అరిచాడు. "స్విచ్ ఆపెయ్ బాబూ, ముందు ఆపెయ్!" అని ఇతనూ అరిచాడు. ఆ కేక మేనేజర్ గది దాకా వినపడింది.

వార్డుకి వెళ్ళేసరికి ఐదైంది. సీనియర్ దిండుకి ఆనుకుని ఉన్నాడు. చేతులు రెండూ కట్లలో ఉన్నాయి. ఆమె చెంచాతో ఏదో తినిపించబోతోంది. ఇతన్ని చూడగానే ఆమె ముఖం విప్పారింది. దానికంటే చెంపదెబ్బ తినడమే నయమనిపించింది అతనికి.

"దొరికాడా?"

"దొరికాడు. నేనే."

అంతా చెప్పాడు. ఆమె చెంచా కింద పెట్టింది.

"ఎప్పుడు తెలిసింది?"

"మీరు వెళ్ళిన ఐదు నిమిషాలకి."

"ఇప్పుడా చెప్పడం?"

"అన్ని బ్రాంచీల్లోనూ తీయించి వచ్చాను. కానీ దానికి ముందు పావుగంట... లైను చెరిపేసి ఊరుకుందామనుకున్నాను. అదీ మీకు తెలియాలి."

"వెళ్ళిపోండి," అంది. అరవలేదు. "మా అన్నయ్య చేతుల వంక చూసి, వెళ్ళిపోండి."

చూశాడు. తల ఎత్తలేకపోయాడు. సీనియర్ దిండు మీంచి కాస్త లేచాడు.

"అయితే... నేను నిద్రపోలేదన్నమాట."

"లేదన్నా. నువ్వు చూసిందే చెప్పావు."

సీనియర్ ఏడ్చాడు. తుడుచుకోవడానికి చేతుల్లేవు. చెల్లెలు కొంగుతో తుడిచింది. చాలాసేపటికి ఆయన, "ఆకలేస్తోందే," అన్నాడు. ఇతను అప్పటికే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఎంక్వైరీ అరగంటలో ముగిసింది. సీనియర్ తప్పు లేదని, ఇతన్ని తీసేశామని ఒకే కాగితం మీద రాసిచ్చారు. ఇతను సంతకం పెట్టేముందు మొదటిసారిగా ఒక కాగితాన్ని పూర్తిగా చదివాడు.

రెండు నెలలు గడిచాయి. ప్రింటర్లు బాగుచేసే చిన్న షాపులో వెనక బల్ల దగ్గర పని. ఆమె నుంచి కబురు లేదు. రాకపోవడమే న్యాయమని తనకి తాను చెప్పుకునేవాడు. చెప్పుకున్నంత మాత్రాన మనసు ఊరుకుంటుందా? వాన మొదలైతే చాలు, వీధి వైపు చూసేవాడు.

ఒకరోజు చూసేసరికి ఆమె నిజంగానే గుమ్మంలో ఉంది. నిలువునా తడిసిపోయింది.

"నా గొడుగు ఇవ్వండి."

మూల నుంచి తీసిచ్చాడు. ఎండబెట్టి, మడిచి, బొత్తం పెట్టి ఉంది. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"అన్నయ్య వేళ్ళు వంగట్లేదు. వంగవన్నారు," అంది. "ఆ రోజు లాగిన డిస్కుల్లో రెండు తిరుగుతున్నాయి. స్కాన్‌లు బయటికి తీయొచ్చంటున్నాడు. సెంటర్ వాళ్ళు సరే అన్నారు. తను చెప్పగలడు, టైప్ చేయలేడు. నేను చేస్తానంటే వద్దు, తొందరబాబుని పిలువన్నాడు."

"మీరేమన్నారు?"

"తిట్టాను. రెండు రోజులు మాట్లాడలేదు. ఇదిగో, వచ్చాను."

"నేనొక మాట చెప్పాలి," అన్నాడు అతను. "ఆ పావుగంట ఉద్యోగం కోసం కాదు. మీరిక రారని భయం. మీరంటే నాకు అంత ఇష్టం. ఇది చెప్పే అర్హత లేదని తెలుసు."

"లేదు," అంది ఆమె. "పొద్దున్నే అన్నయ్య చొక్కాకి గుండీలు పెడతాను కదా, అప్పుడు మీ మీద ఎక్కడలేని కోపం వస్తుంది. సాయంత్రానికి తగ్గుతుంది. మర్నాడు మళ్ళీ మామూలే. తగ్గిపోయిందని అబద్ధం చెప్పలేను."

"చెప్పొద్దు."

"కానీ కోపం ఒక్కటే అయితే ఫోన్ చేసి ఊరుకునేదాన్ని. వానలో ఇంత దూరం ఎందుకొచ్చానో మీరే ఆలోచించుకోండి. తీరిగ్గా. తొందరేం లేదు."

ఒక్క గొడుగు కింద వెళ్ళారు. సగం సగం తడిశారు.

సీనియర్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. వేళ్ళు బిగుసుకుపోయిన చేతులు రెండూ ఒడిలో పెట్టుకున్నాడు. బల్ల మీద నల్లబడ్డ డిస్కు, పక్కన పాత లాప్‌టాప్.

"కూర్చోరా తొందరబాబూ. ఒక్క అక్షరం తప్పినా ఆ కాస్తా పోతుంది. ప్రతి లైనూ పైకి చదువు. నేను ఊఁ అన్నాకే ఎంటర్ కొట్టు."

"అలాగే అన్నా."

మొదటి లైను చదివాడు. ఒళ్ళు సన్నగా వణుకుతోంది. వెనక నిలబడ్డ ఆమె గన్ తీసి, ఏమనుకుందో, మళ్ళీ బ్యాగులో పడేసింది. మచ్చలున్న చేత్తో అతని నుదురు తాకి చూసింది.

"నేనేమీ చూడట్లేదు," అన్నాడు సీనియర్ కిటికీ వైపు తిరిగి. "కానీ చదవడం ఆపొద్దు."

అతను రెండో లైను చదివాడు. చెయ్యి నుదుటి మీదే ఉంది.

"ఎంతుందండీ?" అన్నాడు నెమ్మదిగా.

"ఇంకా చూస్తున్నా," అంది. "కదలకండి."