మూడో అంతస్తులో కింగ్స్ గాంబిట్

మాదాపూర్‌లో ఇంకా కడుతూ ఉన్న ఆ బిల్డింగు మూడో అంతస్తంటే కూలీలకు కూడా హడల్. లిఫ్టు కోసం వదిలిన గుంతలో పడి వాచ్‌మన్ లింగయ్య పోయాడు. అప్పట్నుంచీ పొద్దుగూకితే చాలు — అందులోంచి ఎవరో తలుపు తట్టినట్టు చప్పుడు వస్తుందట...

తొంభై తొమ్మిదిలో ఓ ఆదివారం, హాలు ఖాళీగా ఉందని అక్కడే చదరంగం పోటీ పెట్టారు. ఆఖరి రౌండులో గుంత పక్కనున్న బల్ల కృష్ణప్రియకు పడింది.

"బల్ల మారుస్తానమ్మా," అన్నారు పోటీ నడిపే భీమేశ్వరరావు గారు, గొంతు తగ్గించి. "ఆ చోటు మంచిది కాదు."

"లింగయ్య మా నాయిన, సార్. ఆయన్ని దెయ్యమంటే ఊకోను. ఈడనే ఆడుత."

ఆయన చదరంగం గడియారం తెచ్చి ఆ బల్ల మీదే పెట్టారు.

ఎదుట కూర్చున్నది లోహిత్. కాకినాడ నుంచి వచ్చి కంప్యూటర్ ఉద్యోగంలో చేరినవాడు. రెండో ఎత్తులోనే ఆమె రాజు పక్క బంటును ఎరగా ముందుకు తోసింది. కింగ్స్ గాంబిట్ — తన రాజుకున్న కంచెను తనే తీసేసుకునే ఆట. నట్లూ బోల్టులూ పావులుగా పెట్టి నాయిన నేర్పింది అదే. "దాక్కునేటోనికి ఆటెందుకు బిడ్డా?" అనేవాడు.

ఏడున్నరకల్లా మిగతా ఆటలన్నీ అయిపోయాయి. అంతలో కరెంటు పోయింది. ఒక కొవ్వొత్తి వెలిగించి పెట్టి, ఇంకోటి తేవడానికి భీమేశ్వరరావు గారు కిందికి దిగారు.

టక్... టక్...

గుంతలోంచే!

"డ్రా చేసుకుందామండీ," గుసగుసగా అన్నాడు లోహిత్.

"వద్దు. ఆడుదాం."

టక్... టక్...

ఎత్తు ఆమెదే. గడియారం నడుస్తుండగానే కొవ్వొత్తి పట్టుకుని లేచింది. గుంత అంచున నిలబడి వంగి చూసింది.

ఊడిన చెక్కొకటి గాలికి గోడను కొడుతోంది. అంతే!

లాగి అవతల పడేసింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

తిరిగొచ్చి చూస్తే — ఆమె గుర్రం ముందుకు దూకి ఉంది. అటు లోహిత్ రాజుకీ ఇటు మంత్రికీ ఒకేసారి గురి. ఎత్తు వేసేసినట్టు గడియారంలో ఆమె వైపు మీట నొక్కి ఉంది.

లోహిత్ రెండు చేతులూ చంకల్లో దాచుకుని బిగుసుకుపోయాడు. "నేను ముట్టుకోలేదండీ... అమ్మతోడు."

ఆమెకు తట్టని ఎత్తు. దాంతో ఆట గెలిచేసినట్టే.

కృష్ణప్రియ గుర్రాన్ని తీసి పాత గడిలో పెట్టింది. తన గడియారం మళ్లీ నడిచేలా మీట సరిచేసింది. చీకట్లోకి తిరిగింది.

"నాయినా... జర పక్కకుండు. గెలిచినా ఓడినా నా ఆట నేనే ఆడుత."



ఆమె పక్కనున్న ఖాళీ కుర్చీ — కర్ర్‌మంటూ, మెల్లగా వెనక్కి జరిగింది.

ఆమె అటు తల తిప్పలేదు. మంత్రిని చేతిలోకి తీసుకుని, బల్ల అదిరేలా ముందుకు పెట్టింది.