వదిలితే ఆగాలి

ఆదివారం ఉదయం ఆ ఇంట్లో కాఫీ వాసన కంటే ముందు పెట్రోలు వాసన లేచేది. ఉద్యోగ విరమణ చేసిన ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు షెడ్డు తలుపు తెరిచి, గడ్డి కోసే మిషనును బయటికి లాగి, దాని చుట్టూ ఒకసారి నడిచి, తన పచ్చిక వైపు చూసుకునేవాడు. ఇంటి మెట్ల దగ్గర మొదలై గేటు దాకా మెల్లగా వాలుగా దిగే పచ్చిక అది. దాన్ని ఆయన ఏనాడూ మరొకరి చేత కోయించలేదు. జ్వరం వచ్చినప్పుడు గడ్డి ఎదిగింది. జ్వరం తగ్గాక ఆయనే కోశాడు. అంతే.

ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు. యంత్రాల మీద అంతకన్నా తక్కువ. తెగిన వేళ్లనూ నలిగిన చేతులనూ చూస్తూ ఉద్యోగం చేసినవాడు కనుక, ప్రతి ప్రమాదానికీ ఒక కారణం ఉంటుందనీ, ఆ కారణం వెనుక ఎక్కడో ఒక మనిషి ఉంటాడనీ నిర్ధారించుకున్నాడు. ఎవరైనా తలరాత అంటే, "తలరాతకు బోల్టులు విప్పడం రాదండీ" అనేవాడు.

అలాంటివాడు ఆ ఉదయం ఇంటికి వీపు పెట్టి నిలబడి, మిషను హ్యాండిల్‌కు తీగ చుడుతున్నాడు.

హ్యాండిల్‌కు ఆనుకొని ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. రెండింటినీ కలిపి గుప్పిట్లో బిగించినంతసేపే బ్లేడు తిరుగుతుంది, చక్రాలు నడుస్తాయి. వదిలితే ఆగాలి. నడిపేవాడు కాలు జారి పడినా మిషను తనంతట తాను ఆగిపోవాలన్నది ఆ ఏర్పాటు. ఆయన కుడిచెయ్యి కొంతకాలంగా ఆ కడ్డీని పట్టలేకపోతోంది. చిటికెనవేలి దగ్గర మొదలైన తిమ్మిరి మణికట్టు దాటింది. ఒక వరస పూర్తి కాకుండానే పట్టు సడలి ఇంజను ఆగిపోతోంది. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే డాక్టరు, డాక్టరు తరవాత విశ్రాంతి, విశ్రాంతి తరవాత కిటికీ పక్కన కుర్చీ. ఆ క్రమం ఎక్కడికి పోతుందో ఆయనకు తెలుసు. అందుకే కడ్డీనీ హ్యాండిల్‌నూ కలిపి తీగతో బిగించి, ఎడమచేత్తో పటకారు పట్టి మెలి తిప్పాడు. ఒకప్పుడు ఏ ఫ్యాక్టరీలోనైనా ఇలాంటి తీగ కంటబడితే ఆయన షెడ్డు మొత్తం మూయించేవాడు.

తాడు లాగగానే మిషను మొరిగింది. మొదటి వరసలోనే బ్లేడు ఒక గులకరాయిని కొట్టింది. ఆ రాయి వంటింటి కిటికీ అద్దాన్ని పగలగొట్టుకొని వచ్చి, బల్ల మీద అల్లుడి ముందున్న కప్పును ముక్కలు చేసింది. అల్లుడు పళ్ల డాక్టరు. పెళ్లయినప్పటి నుంచీ అత్తవారింట్లోనే ఉంటున్నాడు. అతని క్లినిక్ వీధి చివరే.

"చూశావా? ఇవాళ కప్పు. వచ్చే వారం నా తల" అన్నాడు, ఒళ్లో పడ్డ గాజుముక్కలు దులుపుకుంటూ.

"తలయితే పరవాలేదు. కప్పు కొత్తది" అంది భార్య.

"నవ్వకు. ఆయన చెయ్యి గమనించావా? గ్లాసు ఎడమచేత్తో ఎత్తుతున్నారు. గుండీల చొక్కాలు మానేశారు. రోజంతా నోళ్లలోకి చూసేవాడికి చేతులు చూడటం రాదనుకున్నావా?"

"అయితే నెమ్మదిగా చెప్పు."

"మీ నాన్నకు చెప్పడం, గోడకు చెప్పడం ఒకటే. గోడయితే కనీసం తిట్టదు."

అతను చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచాడు. గేటు పక్కన పూలమడిలో అత్తగారు ఇంటికి వీపు చేసి కూర్చొని కలుపు తీస్తోంది. ఆమెకు చెవుడు, మిషను రొద ఆమెకు దూరంగా ఎక్కడో తుమ్మెద తిరిగినంత.

"మావయ్యగారూ, ఇలా ఇవ్వండి. ఇవాళ్టికి నేను కోస్తాను" అన్నాడు, కదులుతున్న మిషను పక్కనే నడుస్తూ.

"మీకెందుకు శ్రమ అల్లుడుగారూ! లోపలికెళ్లి కాఫీ తాగండి."

"తాగుదామంటే కప్పేదీ? మీ రాయి పగలగొట్టింది."

"రాయికి కళ్లుండవు."

"మీకున్నాయి కదా! గడ్డిలో రాళ్లున్నాయో లేదో చూసుకోరా? ఇంజను ఆపండి. మీ చెయ్యి సంగతి మాట్లాడాలి."

ఆ మాటతో పెద్దాయన ముఖం గట్టిపడింది. అప్పటిదాకా పరిహాసంగా ఉన్న గొంతులో పదును వచ్చింది.

"మావగారింట్లో మకాం పెట్టారు, ఊరుకున్నాను. చేతిలో పని కూడా లాక్కుంటారా? ఇక మిగిలింది నా మంచం. అదీ పట్టుకుపొండి!"

"ఆ మాట ఇంకోసారి అనండి."

"ఇంకో వందసార్లు అంటాను. ఇల్లరికం వచ్చినవాడు ఇంటికి యజమాని కాడు!"

అల్లుడు హ్యాండిల్ పట్టుకొని లాగాడు. మామ మోచెయ్యి వెనక్కి విసిరాడు. అది సరిగ్గా మూతి మీద తగిలి, పెదవి చిట్లి, ముందుపళ్లు ఎర్రబడ్డాయి. అల్లుడు ఉమ్మి, కాలర్ పట్టుకొని మామను గుంజాడు. గుండీలు లేని చొక్కా మెడ దగ్గర నిలువునా చిరిగింది. ఇద్దరూ తడిగడ్డి మీద కలియబడి కూలారు.

"కాలర్ వదలండి అల్లుడుగారూ!"

"ముందు మీరు నా జుట్టు వదలండి మావయ్యగారూ!"

మర్యాదలో ఒక్క అక్షరం తగ్గలేదు. దెబ్బల్లో ఒక్కటీ తగ్గలేదు. ఏళ్లుగా భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చొని మింగిన మాటలన్నీ ఇప్పుడు పిడికిళ్లలోంచి వస్తున్నాయి. పెద్దాయన ఎడమ పిడికిలి అల్లుడి చెవి మీద రెండుసార్లు దిగింది. అల్లుడు ఆయన రొమ్ము మీద మోకాలు మోపి, చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగింది.

ఆగవలసిన మిషను ఆగలేదు.

ఎవరి చెయ్యీ లేకుండానే అది వాలు వెంట గేటు వైపు, పూలమడి వైపు, ఆ వంగిన వీపు వైపు నడుస్తోంది.

"అత్తయ్యా!"

ఆమెకు వినబడలేదు. అల్లుడు లేచి పరుగెత్తాడు. హ్యాండిల్ పట్టుకోబోయి కాలు జారాడు. పడుతూనే పక్కనుంచి రెండు చేతులా మిషనును తోశాడు. మిషను పక్కకు తిరిగింది. కానీ తరిగిన గడ్డి బయటికి చిమ్మే మూతి దగ్గర అతని ఎడమచెయ్యి పడింది. గడ్డితోపాటు ఎర్రటి తుంపర లేచి అత్తగారి మెడ మీద పడింది. ఆమె తడుముకొని, చేతికంటిన నెత్తురు చూసి, లేవబోయి మడిలోనే వెల్లకిలా పడింది. మిషను ముందుచక్రాలు మడి ఇటుకల మీదికి ఎక్కాయి. ఆమె పాదాలకు జానెడు దూరంలో బ్లేడు ఇటుకను కోస్తూ నిప్పురవ్వలు చిమ్ముతోంది.

పెద్దాయన వచ్చి హ్యాండిల్ మీద పడ్డాడు. మిషనును ఇటుకల మీది నుంచి వెనక్కి లాగబోతే కుడిచెయ్యి జారిపోయింది. మిషను ఇంకాస్త ముందుకు పాకింది. తీగను విప్పబోయాడు. తాను వేసిన మెలి తన వేళ్లకే లొంగలేదు. కుడిచేతి వేళ్లు తీగను తాకుతున్నాయి, పట్టడం లేదు. పళ్లతో కొరికాడు. చిగుళ్లు తెగాయి గానీ తీగ తెగలేదు.

ఆ క్షణంలో కూతురు వచ్చి, తండ్రిని భుజంతో పక్కకు నెట్టి, ఇంజను ముందున్న ప్లగ్గు వైరును ఒక్క గుంజు గుంజింది. రొద చచ్చింది. మిగిలింది తల్లి ఏడుపు ఒక్కటే.

*

ఆసుపత్రి వరండాలో వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. అల్లుడి ఎడమచేతి ఉంగరపువేలు, చిటికెనవేలు చివరి కణుపులు పోయాయనీ, మిగతా చెయ్యి దక్కుతుందనీ చెప్పి సర్జన్ వెళ్లిపోయాడు. పళ్లు చూసేటప్పుడు రోగి నోట్లో అద్దం పట్టుకునే చెయ్యి అది. ఆ సంగతి అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

"తీగ ఎవరు కట్టారు?" అంది కూతురు.

తండ్రి నేల చూశాడు.

"నిన్నే అడుగుతున్నా నాన్నా. తీగ ఎవరు కట్టారు?"

"ఏమంటోంది?" అంది తల్లి, భర్త వైపు చెవి పెట్టి.

"నా మొగుడి వేళ్లు ఎందుకు నరికావని నాన్నను అడుగుతున్నానమ్మా!" అని కూతురు అరిచింది. వరండాలో జనమంతా ఇటు తిరిగారు. "లోకంలో అందరికీ జాగ్రత్తలు చెబుతావు. చిన్నప్పుడు నా సైకిల్ చైను చుట్టూ రేకు లేదని సైకిలే ఎక్కనివ్వలేదు. నువ్వు కట్టావా? నువ్వు! వేరే ఎవడైనా కట్టి ఉంటే వాణ్ణి బతకనిచ్చేవాడివా?"

కూతురు వంగి ఆయన కుడిచేతిని లాక్కుని, తన అరచెయ్యి అందులో పెట్టింది.

"పట్టుకో. గట్టిగా నొక్కు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. మెడనరాలు ఉబ్బాయి.

"నొక్కు నాన్నా! నాటకాలొద్దు. నొక్కు."

"నొక్కుతూనే ఉన్నానమ్మా."

కూతురు తన చెయ్యి చూసుకుంది. దాని మీద ఆయన వేళ్లు ఎండుటాకుల్లా ఆనుకొని ఉన్నాయి. ఆమె చెయ్యి తీసుకోలేదు. అలాగే నిలబడి, మొదట కోపంగానూ తరవాత మరోరకంగానూ ఏడ్చింది. తల్లికి ఏ మాటా వినబడలేదు గానీ, భర్త చేతిని ఒకసారి, ఆయన ముఖాన్ని ఒకసారి చూసి అర్థం చేసుకుంది. చిరిగిన చొక్కా మెడను సర్ది, తన శాలువా ఆయన మీద కప్పింది.

కాసేపటికి అల్లుడు వచ్చాడు. ఎడమచేతికి పెద్ద కట్టు, పెదవికి కుట్లు. పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఉద్యోగంలో ప్రమాదం మీద నివేదిక చెప్పేటప్పుడు ఆయన గొంతు ఎలా ఉండేదో ఇప్పుడూ అలాగే పలకాలని చూశాడు.

"కారణం నేను. తీగ నేనే కట్టాను. చెయ్యి పనిచెయ్యడం లేదని ఒప్పుకోవడానికి మనసు రాక కట్టాను. మీ తప్పు లేదు. పైగా మిమ్మల్ని..." ఆయన చూపు కట్టు మీదికి పోయింది. "మిమ్మల్ని అనరాని మాట అన్నాను."

క్షమించడం తేలిక కాదు; అల్లుడు తేలికైనట్టు నటించనూలేదు.

"నొప్పి తగ్గాక మీ మీద మళ్లీ కోపం వస్తుంది మావయ్యా" అన్నాడు, కుట్ల మధ్య నుంచి మాటలు కూడబలుక్కుంటూ. "ఇప్పుడే చెప్పేస్తున్నా. కానీ మోచెయ్యి మాత్రం దివ్యంగా పనిచేస్తోంది. సాక్ష్యం నా మూతి."

"అద్దం... పట్టుకోగలరా?"

"మూడు వేళ్లతో నేర్చుకోవాలి."

ఆ మాటకు పెద్దాయన ముఖం ముడుచుకుపోయింది. నలుగురిలో ఏనాడూ కన్నీరు పెట్టనివాడు, శాలువా అంచుతో ముఖం కప్పుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాడు. అల్లుడు పక్క కుర్చీలో కూర్చుని, బాగున్న చెయ్యి ఆయన మోకాలి మీద వేశాడు.

"నరాల డాక్టరు ఇక్కడ ఉంటారా?" అన్నాడు పెద్దాయన, ముఖం తుడుచుకుంటూ.

"రెండో అంతస్తు. రేపు నేనే తీసుకొస్తాను. కట్టు మార్పించుకోవడానికి ఎలాగూ రావాలి."

"రేపే వద్దాం."

పక్కన బల్ల మీద ఎవరో తెచ్చిపెట్టిన నీళ్లసీసా ఉంది. పెద్దాయన దాన్ని అందుకున్నాడు. అలవాటు ప్రకారం మోకాళ్ల మధ్య ఇరికించుకొని, ఎడమచెయ్యి మూత మీద వేసి, ఆగాడు. తరవాత సీసాను కూతురి వైపు చాచాడు.

"మూత తియ్యమ్మా. నావల్ల కావడం లేదు."

ఆమె తీసుకుంది. ఒక్క తిప్పుకు మూత తీసి, కోపం ఇంకా దిగని ముఖంతో సగం నీళ్లు తానే గటగటా తాగేసింది. మిగతా సగం తండ్రి నోటికి అందించి, ఆయన తాగడం అయ్యేదాకా సీసాను పట్టుకునే ఉంది.