నీలి ఆగిన చోట

మహబూబాబాద్‌ను మేమెవరమూ ఆ పేరుతో పిలవం, మానుకోట అంటాం. ఆ మధ్యాహ్నం మానుకోట బస్టాండులో దిగేసరికి శ్రావణం ముసురు పట్టి ఉంది. మా యాడి గంగాబాయి చెప్పులు చేత్తో పట్టుకుని బురద దాటుతోంది. యాడి అంటే మా లంబాడీ భాషలో అమ్మ. ఆమె సినిమాహాలు మెట్లెక్కి పదేళ్లు దాటింది. కొడుకు పనిచేసిన సినిమా చూడాలని పొద్దున్నే తలస్నానం చేసి, పెట్టె అడుగున దాచిన రవిక తీసి తొడుక్కుంది.

"నీ పేరు పడ్డప్పుడు జర చూపియ్యి బిడ్డా. నాకు సదువు రాకపాయె," అంది. మేము మా భాషలోనే మాట్లాడుకుంటాం. మీకోసం తెలుగులో రాస్తున్నాను.

సరేనని నవ్వాను. అది ఎంత దొంగ నవ్వో నాకు తెలుసు.

నా పేరు హన్మంత్. మాది నెల్లికుదురు దగ్గర తండా. హైదరాబాద్‌లో సినిమాలకు శబ్దాలు పట్టడం నా పని. వాన, కుక్కర్ ఈల, మెట్ల మీద చెప్పులు, తలుపు కిర్రుమనడం. పట్నంలో చేరిన కొత్తలో నోరు తెరిస్తే చాలు, నా యాసకు స్టూడియో అంతా నవ్వేది. దాంతో నోరు మూసుకుని చెవులు తెరుచుకోవడం నేర్చుకున్నాను. అదే నా తెలివి అనుకున్నాను చాలా కాలం.

ఇక ఆ సినిమా. పట్నంలో ఒంటరిగా బతికేవాళ్ల ప్రేమకథ. పెద్ద పెద్ద అపార్టుమెంట్లు, ఆగని వాన, ఫోన్లలో తోడు వెతుక్కునే మనుషులు. భార్య పోయిన ఒకాయన రోజూ ఒకే హోటల్లో ఒకే కుర్చీలో కూర్చుని తింటాడు. హీరోయిన్‌కు మాట్లాడటానికి మనిషి ఉండడు. ఓ రోజు పక్క ఫ్లాట్‌లోంచి ఎవరో ఆడమనిషి ఏడుపు వినిపిస్తుంది. గోడకు చెవి ఆనించి వింటుంది. నాలాంటిది ఇంకొకతె ఉందన్నమాట అని ఆమెకు ధైర్యం వస్తుంది. ఆ ఏడ్చే మనిషిని సినిమాలో ఎక్కడా చూపించరు. చూసినవాళ్లంతా ఆ ఏడుపు గురించే మాట్లాడుతున్నారు.

"ఏ భాషయ్యా అది? ఎక్కడ పట్టావు?" అని డైరెక్టర్ అడిగాడు అప్పట్లో.

"సౌండ్ లైబ్రరీలో దొరికింది సార్. రాజస్థాన్ వైపుది అనుకుంటా," అన్నాను.

అది మా చెల్లెలు నీలి గొంతు.

మా తండాల్లో పెళ్లికూతురు అత్తగారింటికి పోయేముందు ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఏడుస్తుంది. ఉత్త ఏడుపు కాదు, పాట. ఢావ్లో అంటాం. మా ఇంట్లో వాడుక ఏమిటంటే, అన్న మెడ పట్టినప్పుడు ఆ పిల్ల వీరా, అంటే అన్నా, అని పిలిచి ఒక మాట అడుగుతుంది. వీరా, తీజ్ పండుగకు నన్ను తోలుకపోను వస్తవా? అడిగి ఆగుతుంది. అన్న ఆమె తల మీద చెయ్యిపెట్టి 'వస్త' అనాలి. ఆ మాట వినేదాకా పిల్ల మెడ విడవదు.

నీలి పెళ్లి రెండేళ్ల కింద, వైశాఖంలో, టార్పాలిన్ పందిరి మీద అకాల వాన పడుతుండగా జరిగింది. పిల్లవాడు భూపాలపల్లిలో బొగ్గు లారీ నడుపుతాడు. నీలి నా ఎడమ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అడిగింది. ఆగింది.

నేను పలకలేదు.

నా అంగీ జేబులో రికార్డర్ ఉంది. నేను నోరు తెరిస్తే నా గొంతు పడి రికార్డింగ్ పాడవుతుంది. అంత స్వచ్ఛమైన ఏడుపు మళ్లీ దొరకదనుకున్నాను. మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ ఆగింది. జీపు ఆలస్యమవుతోందని పెద్దవాళ్లు ఆమె చేతులు విడిపించి తీసుకుపోయారు. "పాపం, అన్నకు గొంతు పూడుకపోయింది," అని ఆడవాళ్లు నన్ను మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు కూడా రికార్డయింది.

అదే శ్రావణంలో, మా ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించే తీజ్ ముందు, నీలికి జ్వరం వచ్చింది. దవాఖానకు పోదామంటే, "మా అన్న తీజ్‌కు వస్తడు, మా ఊరికి పోయి సూపిచ్చుకుంట," అందట. నాలుగు రోజులు అలాగే గడిపింది. ఆ నాలుగు రోజులూ నేను స్టూడియోలో ఫోను సైలెంట్‌లో పెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నీలి ఏడుపులో ఆ మూడు ఆగుళ్లనూ కత్తిరిస్తున్నాను. ఏడుపుకు ఏడుపు అతికిస్తే నిమిషంన్నర వచ్చింది. అయిదో రోజు ఫోను తీసి చూసేసరికి నీలి పోయిందన్న కబురు ఉంది.

రెండేళ్లు డబ్బాలో పడి ఉన్న సినిమా ఈ శ్రావణంలో బయటికొచ్చింది. యాడి చూస్తానంటే ఏం చెప్పి ఆపాలి? కూతురి గొంతు తల్లికి తెలియకుండా పోతుందా? అందుకని హాలు ఆపరేటర్ వాజిద్‌ను ముందురోజే బతిమాలుకున్నాను. వాజిద్, నేను బడిలో ఒకే బెంచీ.

"ఇంటర్వెల్ తర్వాత ఆ పిల్ల గోడకు చెవి పెడ్తది. అప్పటిసంది కిటికీ తెరిసేదాకా సౌండ్ బంద్ చెయ్యి వాజిద్. మా యాడి వినొద్దు."

ఎందుకని అడగలేదు వాడు. "పరేషాన్ గాకు. మిషన్ ఖరాబయిందంట," అన్నాడు.

హాల్లో ముప్పైమంది కూడా లేరు. తడిసిన బట్టల వాసన, సమోసా నూనె వాసన, మూత్రశాల వైపు నుంచి ఫినాయిల్ వాసన. యాడి నా కుడిపక్కన కూర్చుంది. ఎడమపక్క కుర్చీ ఖాళీ. ఇంటర్వెల్ దాకా ఆమె బుద్ధిగా చూసింది. "ఇంతమంది ఒక్క బిల్డింగుల ఉండి మాట్లాడుకోరేంది?" అని ఒక్కసారి అడిగింది.

హీరోయిన్ గోడ దగ్గరికి నడిచింది. చెవి ఆనించింది. శబ్దం ఠక్కున ఆగిపోయింది. వెనక ఎవరో ఈల వేశారు. "సౌండ్..." అని ఒకడు అరిచాడు. నేను ఊపిరి వదిలాను.

ముందు వాసన వచ్చింది.

పసుపు. కొత్తబట్ట గంజి. తలకు పెట్టిన ఆముదం.

తర్వాత ఏడుపు.

హాల్లో స్పీకర్లు ఎక్కడున్నాయో నాకు తెలుసు. తెర వెనక ఉన్నాయి, గోడల మీద ఉన్నాయి. ఇది అక్కడి నుంచి రావడం లేదు. ఇంత పెద్ద హాల్లో ఏ గొంతయినా కాస్త మోగుతుంది. ఇది మోగడం లేదు. చెవికి జానెడు దూరంలో మనిషి నోరు ఉంటే ఎలా వినిపిస్తుందో అలా... ఎడమవైపు నుంచి...

తల తిప్పలేదు. తిప్పలేకపోయాను.

వీరా, తీజ్‌కు నన్ను తోలుకపోను వస్తవా?

ఆగింది.

సినిమాలో ఈ ఆగుడు లేదు. నేనే తీసేశాను. ఇప్పుడు మొత్తం ఉంది. టార్పాలిన్ మీద వాన చినుకులు. దూరంగా జీపు ఇంజను. మేక అరుపు. నోరు మూసుకుని ముక్కుతో పీల్చుకుంటున్న నా ఊపిరి.

మళ్లీ అడిగింది. మళ్లీ ఆగింది.

ఎడమ భుజం బరువెక్కింది. కాలరు తడిగా, వెచ్చగా మెడకు అంటుకుంది. తెర మీద హీరోయిన్ ఇంకా గోడకు చెవి ఆనించే ఉంది. యాడి వైపు చూశాను. యాడి తెర చూడటం లేదు. నా భుజం వైపు చూస్తోంది. కోపం లేదు ఆ ముఖంలో. భయమూ లేదు.

"అడుగుతాంది గద," అంది గుసగుసగా. "చెప్పు."

"యాడీ..."

"మూడోసారి, బిడ్డా. చెప్పు."

నా గొంతు నిజంగానే పూడుకుపోయింది అప్పుడు. రెండేళ్ల కింద అందరూ అనుకున్నట్టు. చెయ్యెత్తి భుజం మీద పెట్టాను. వేళ్లకు జుట్టు తగిలింది. నూనె జుట్టు...

"వస్త," అన్నాను.

బరువు పోయింది. హీరోయిన్ కిటికీ తెరిచింది. హాలంతా వాన శబ్దం నిండింది.

బయట వాజిద్ బీడీ ముట్టించుకుని నిలబడ్డాడు. "చెప్పినట్టే బంద్ చేసిన. రెండు నిమిషాలు జనం నన్ను మస్తు తిట్టిన్రు," అన్నాడు. ఏమైనా వినపడిందా అని అడిగాను. "ఏముంటది? సప్పుడే లేకపాయె," అన్నాడు. వాడి చూపు నా కాలరు మీదే ఉంది.

తిరుగు బస్సెక్కాం. కేసముద్రం పోయే రోడ్డు మలుపు దాటాక ఇక దాచలేకపోయాను.

"యాడీ, ఆ దినం నా జేబుల మిషన్ ఉండె."

"ఎరికే. అంగీలకెల్లి ఎర్రలైటు కనపడ్డది."

"మరి ఒక్క మాటన్న అనకపోతివి."

యాడి కొంగుతో నా కాలరు తుడిచింది. "పట్నమోళ్లకు గట్లనే ఉంటదేమో అనుకున్న," అంది.

ఆమె నన్ను కొట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోవడం అంటారే, అది ఉత్త మాట కాదు. తండా వచ్చేదాకా నేను తల ఎత్తలేదు.

ఇంకా దీపాలు పెట్టని వేళ ఇంటికి చేరాం. యాడి వాకిట్లో కూర్చుని తీజ్ బుట్టలో పోయడానికి గోధుమలు ఏరుతోంది. నేను లోపల మంచం మీద కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాత రికార్డింగ్ తెరిచాను. కత్తిరించనిది. నాలుగు నిమిషాల పదకొండు సెకండ్లు. వెయ్యిసార్లు విన్నాను దాన్ని.

మొదటి ఆగుడు. రెండోది. మూడోది...

"వస్త."

నా గొంతు. జీపు ఇంజను మీద, వాన మీద, స్పష్టంగా నా గొంతు.

నాలుగు నిమిషాల పదకొండు సెకండ్లు దాటిపోయింది. అంకెలు ఆగలేదు. ఏడుపు ఆగింది. ముక్కు చీదిన చప్పుడు. గాజులు సర్దుకున్న చప్పుడు. తర్వాత నీలి మామూలుగా, ఇంట్లో అడిగినట్టు అడిగింది.

"ఏ బస్సుకు, వీరా?"

ఆగింది.

హెడ్‌ఫోన్లు నా చెవులకే ఉన్నాయి. ఆ మాట ఇంకెవరికీ వినపడటానికి లేదు. వాకిట్లో యాడి గోధుమల్లోంచి తల ఎత్తకుండానే అంది.

"పొద్దుగాల ఆరింటి బస్సు అని చెప్పు, బిడ్డా."