మోటారులో లేని లోపం

"మీరు బాగుచేశామన్నారు. బాగవడమంటే ఇదేనాండీ?"

నిమ్మకాయంత మోటారును బల్ల మీద టక్కున పెట్టి, నీళ్ళు కారుతున్న గొడుగును తలుపుకి ఆనించి, ఆ అమ్మాయి నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. బయట వాన దంచికొడుతోంది. లోపల మెకానిక్ అంతకంటే ఎక్కువగా చెమటతో తడిసిపోతున్నాడు.

అది రిమోట్‌తో ఎగిరే చిన్న విమానాల షాపు. ముందు కౌంటర్లో మెకానిక్ బాబాయి అమ్ముతాడు, వెనక బల్ల దగ్గర అన్నకొడుకు రిపేర్లు చేస్తాడు. చుట్టుపక్కల ఎవరి విమానం మోటారు మొరాయించినా ఈ మెకానిక్ దగ్గరికే వస్తారు. చేతిలో నేర్పుంది, పేరుంది. ఆ పేరుకి ఈ నిమ్మకాయంత మోటారు ఎసరు పెడుతోంది. ఇది రావడం మూడోసారి.

"ఇక్కడ శుభ్రంగా తిరుగుతోందండీ," అంటూ అతను మోటారును బిగించి, తన బ్యాటరీ తగిలించి, ఫ్యాన్ పెట్టి తిప్పి చూపించాడు. బల్ల మీది కాగితాలన్నీ లేచి ఆ అమ్మాయి ముఖాన పడ్డాయి.

"ఇక్కడ తిరిగితే నాకేం లాభం? గాల్లో తిరగాలి. సరిగ్గా నిమిషం దాటగానే గజగజ వణికి ఆగిపోతోంది. మూడు ఆదివారాలు, మూడుసార్లు గడ్డిలో పడింది."

"మరి నడపడంలో ఏమైనా..."

"అంటే? ఆడలేక మద్దెల ఓడు అంటున్నాననా?"

"అబ్బే, అలా అనలేదండీ."

నిజానికి అన్నాడు. అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఆ అమ్మాయి కళ్ళద్దాల షాపులో చూపు పరీక్షలు చేస్తుంది. సెలవు దొరికినప్పుడల్లా కూర్చుని, ఎనిమిది నెలలు పట్టి, ఐదడుగుల రెక్కల విమానాన్ని తన చేత్తో కట్టుకుంది. ఫ్లయింగ్ క్లబ్‌లో చేరాలంటే సొంతంగా కట్టిన విమానం మూడు నిమిషాలు ఆగకుండా ఎగరాలి. కొత్తవాళ్ళకి ఐదు ఆదివారాలు ఇస్తారు. తప్పితే మళ్ళీ ఏడాది దాకా ఆ మైదానం ముఖం చూడక్కర్లేదు. ఆమెకింక రెండే మిగిలాయి.

మెకానిక్ మోటారు విప్పాడు. మొదటిసారి బేరింగ్ మార్చాడు. రెండోసారి లోపలి అయస్కాంతాలు మళ్ళీ అతికించాడు. ఈసారి భూతద్దం పెట్టి వెతికినా వేలెత్తి చూపడానికి ఏమీ దొరకలేదు. కొత్త మోటారు కూడా ఇంత బాగుండదు.

'తెలియడం లేదు' అని చెప్పాలి. ఆ ఒక్క మాట అతని గొంతు దాటి రాలేదు.

"వైరు లూజైందండీ. బిగించి ఉంచుతాను, రేపు సాయంత్రం తీసుకెళ్ళండి."

ఆమె అతని వంక అదోలా చూసింది. బోర్డు మీది అక్షరాలు కనబడకపోయినా కంఠతా అప్పజెప్పేసే కస్టమర్ని ఆమె రోజూ చూస్తూనే ఉంటుంది. ఇది ఆ చూపే.

"లూజైందా? సరే," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

బాబాయి మెల్లగా వెనక్కి వచ్చాడు. "పనివాడు పందిరేస్తే కుక్కతోక తగిలి కూలిందట. ఏమిట్రా ఈ మోటారు కథ?"

"ఏమో బాబాయ్. దానికి ఏ రోగమూ లేదు."

"రోగం లేనిదాన్ని ఇన్నిసార్లు డాక్టరు దగ్గరికి ఎందుకు తెస్తున్నట్టు?"

"ఎందుకు?"

"ఒరేయ్, మోటారు కోసమా, డాక్టరు కోసమా? కాస్త బుర్ర పెట్టి ఆలోచించు."

మెకానిక్ బుర్ర పెట్టాడు. పెట్టినకొద్దీ అది తిరగడం మొదలైంది. ఆ అమ్మాయే ఏదో వదులు చేసి తెస్తోందా? తన కోసమా? ఆ ఆలోచన రాగానే ఒళ్ళంతా గాల్లో తేలింది. మరుక్షణమే, నీ ముఖానికి అంత దృశ్యం లేదులే అని తనే తనని కిందికి లాక్కున్నాడు. మళ్ళీ తేలాడు. ఆ రోజు వచ్చిన మిగతా రిపేర్లలో రెండింటికి వైర్లు తారుమారు చేసి, మోటార్లు వెనక్కి తిరుగుతుంటే ఎందుకా అని అరగంట తల గోక్కున్నాడు.

చివరికి ఒక ఉపాయం తట్టింది. రిపేరు చేసేవాళ్ళు స్క్రూ బిగించాక దాని తల మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేస్తారు. అదురుకి స్క్రూ వదులవ్వదు. ఎవరైనా విప్పితే చుక్క పగిలి ఇట్టే తెలిసిపోతుంది. వీధి మలుపులోని ఫ్యాన్సీ షాపుకి వెళ్ళి, సిగ్గుతో చస్తూ, ఒక ఎర్ర సీసా కొనుక్కొచ్చాడు.

మర్నాడు సాయంత్రం ఆమె మోటారు చేతిలోకి తీసుకోగానే ఆగిపోయింది. చూపు పరీక్షించే కళ్ళు కదా!

"ఇదేంటి, ఎర్రగా?"

"నెయిల్ పాలిష్."

"ఎవరిది?"

కారణం చెబితే అనుమానించినట్టు బయటపడుతుంది. "మనవాళ్ళదేలెండి," అనేశాడు.

"అలాగా," అంది ఆమె. అంతవరకూ ముఖం మీదున్న నవ్వు ఎటుపోయిందో అతనికి అర్థం కాలేదు. మెట్లు దిగుతూ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. తిరిగి చూస్తుందేమోనని వీధి చివరిదాకా చూసి, మెడ నొప్పి పుట్టించుకున్నాడు.

సోమవారం నాలుగోసారి వచ్చింది మోటారు. ఆమె కూడా వచ్చింది గానీ, మాటలు ఇంట్లో పెట్టి వచ్చినట్టుంది.

"పడింది."

అతను గబగబా చుక్క చూశాడు. చెక్కు చెదరలేదు! అంటే ఆమె విప్పలేదు. బాబాయి చెప్పినదంతా గాలిమాటే. మరైతే మోటారు ఎందుకు ఆగుతోంది? ఈమె ఎందుకింత ముభావంగా ఉంది? ఒక ముడి విప్పబోతే ఇంకో రెండు పడుతున్నాయి.

"ఒక్క ఆదివారం మిగిలింది," అంది ఆమె. "మీ చేతకాకపోతే చెప్పండి, వేరే షాపు చూసుకుంటాను."

అతను మోటారును గబుక్కున తన వైపు లాక్కున్నాడు. "వద్దు వద్దు. ఈసారి విమానమే తీసుకురండి."

"ఐదడుగుల రెక్కలేసుకుని రెండు బస్సులు మారనా? మొదటిరోజు మోటారొక్కటి తెస్తే చాలని చెప్పింది ఎవరు?"

చెప్పింది అతనే. అందరికీ అలాగే చెబుతాడు. బల్ల మీద చోటు లేదు మరి.

"అయితే నేనే మైదానానికి వస్తాను."

"మీ 'మనవాళ్ళు' ఏమీ అనుకోరా?"

"బాబాయా? ఆయనెందుకు అనుకుంటాడు?"

ఈసారి తికమకపడటం ఆమె వంతయింది.

ఆదివారం పొద్దున మైదానం మీద మబ్బు కమ్మి ఉంది. క్లబ్ పెద్దాయన కుర్చీలో కూర్చుని స్టాప్‌వాచ్ తుడుచుకుంటున్నాడు. గడ్డి మీద విమానం, తెల్ల రెక్కలు, అంచున పసుపు గీత. ఇంత అందంగా కట్టిన చేతులు ఇవేనా అని మెకానిక్ ఆమె చేతుల వంక చూశాడు. ఆమె చూడగానే విమానం వంక చూశాడు.

"తోక గట్టిగా పట్టుకోండి."

ఆమె పట్టుకుంది. అతను మోటారును పూర్తి వేగంలో తిప్పాడు. నిమిషం దాటింది. మోటారు గజగజ వణికి, కీచుమని ఆగిపోయింది. నాలుగు వారాలుగా ఆమె చెబుతున్నది ఇప్పటికి తన కళ్ళతో చూశాడు.

వెంటనే మోటారుకి వెళ్ళే మూడు వైర్లను వేలితో తాకాడు. రెండు గోరువెచ్చగా ఉన్నాయి. మూడోదాని అతుకు చురుక్కుమంది. కాస్త లాగితే ఊడి చేతికొచ్చింది. అతుకు సరిగా పడక, వేడెక్కినప్పుడల్లా విడిపోతోంది. ఆ వైరు విమానంలో ఉంది. మోటారేమో షాపులో, తన బల్ల మీద, తన వైర్లతో హాయిగా తిరిగింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది.

"ఇది ఎవరు అతికించారు?"

"నేనే," అంది ఆమె నీరసంగా. "సోల్డరింగ్ చేయడం అదే మొదటిసారి. వైరు లూజని మీరు ఎప్పుడో చెప్పారు. అబద్ధమనుకుని నేనే చూడలేదు. సారీ అండీ."

అతనికి ఆ క్షణంలో ఊరికే తల ఊపితే సరిపోయేది. పోయిన పరువు వడ్డీతో సహా తిరిగొచ్చేది. కానీ ఆమె ముఖం చూస్తూ ఊపలేకపోయాడు.

"అబద్ధమేనండీ. ఆ రోజు నాకేమీ దొరకలేదు. తెలియదని చెప్పలేక నోటికొచ్చింది చెప్పాను. నిజం చెప్పి ఉంటే మీకు రెండు వారాలు కలిసొచ్చేవి. తప్పు నాదే."

"చెప్తే పోయేదేముంది?"

"మీరు వేరే షాపుకి పోయేవారు."

"పోతే?"

అతను ఒంగి వైరు అతికించడం మొదలుపెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. అతికించి, స్క్రూలు బిగించి, అలవాటుగా ఎర్ర సీసా తీశాడు.

"ఆ సీసా మీ దగ్గరే ఉంటుందా? ఎవరిది?" ఆమె గొంతు మళ్ళీ చల్లబడింది.

"నాదే."

"మీదా!"

నిండా మునిగినవాడికి చలేమిటి? అతను చుక్క సంగతంతా చెప్పేశాడు.

"అంటే నేనే మోటారు విప్పి పాడుచేస్తున్నానని అనుకున్నారా?"

"చేస్తే బాగుండుననుకున్నాను."

ఆమె కాసేపు గడ్డి పీకింది. "నేను మీరే చేస్తున్నారనుకున్నాను. లేని రోగానికి వైరు లూజని మందు రాస్తుంటే ఇంకేమనుకోను?"

"నేనా? నా పనిలో అలాంటి..."

"కోప్పడకండి. నేను కోప్పడ్డానా?"

"అరిచారుగా, వానలో వచ్చి!"

"నిజంగా కోపమొస్తే మనిషి మళ్ళీ అదే షాపుకి వస్తాడా?"

అతను ఈ ప్రశ్నకి నోరు తెరిచేలోపు పెద్దాయన కేకేశాడు. "అమ్మా, నీ వంతు! వానొచ్చేలా ఉంది, త్వరగా కానివ్వు!"

విమానం లేచింది. నిమిషం దగ్గర పడుతుంటే ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. నిమిషం దాటింది. మోటారు వణకలేదు. రెండో నిమిషంలో చినుకులు మొదలయ్యాయి. ఆమె కనురెప్పల మీద నీళ్ళు నిలిచినా రిమోట్ మీంచి చెయ్యి తీయలేదు. మూడో నిమిషం నిండగానే పెద్దాయన చెయ్యి పైకెత్తాడు. విమానం గడ్డి మీద మెత్తగా దిగింది.

ఆమె చిన్నపిల్లలా ఎగిరి గంతేసింది. మెకానిక్ చప్పట్లు కొట్టాడు. ఆ వెంటనే దిగులేసింది. మోటారు బాగైపోయింది. ఇంక ఈ అమ్మాయికి తనతో పనేముంది?

వానలో పనిముట్లు ఏరుకుంటున్నాడు. ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది.

"మా వీధి చివర ఇలాంటి షాపే ఉంది. నడిస్తే రెండు నిమిషాలు. నాకు మొదట్నుంచీ తెలుసు."

"మరి రెండు బస్సులు మారి..."

"మరి అంటే మరి!" ఆమెకి ఈసారి నిజంగానే కోపమొచ్చింది. "మొదటిసారి మోటారు కోసమే వచ్చాను. తర్వాత దేనికోసం వచ్చానో నాకే తికమక. మీ ఎర్ర చుక్క చూసి ఏడుపొచ్చినప్పుడు తెలిసింది. నా సంగతి ఇది. మీ సంగతి చెప్పండి. నేనంటే ఇష్టమా, కాదా? తెలియకపోతే తెలియదనే చెప్పండి, నోటికొచ్చింది మాత్రం చెప్పకండి."

వాన జోరందుకుంది. పెద్దాయన కుర్చీ మడిచి షెడ్డులోకి పరుగెత్తాడు.

మెకానిక్ చేతిలోని స్క్రూడ్రైవర్ని పెట్టెలో పెట్టాడు. లేచి నిలబడ్డాడు.

"తెలుసు," అన్నాడు.